నీళ్ళకి కరగని పూత

మార్చి 4

ఒసేయ్ కళ్ళజోడూ,

ఉత్తరం తిట్టుతో మొదలైందని మూతి ముడుచుకోకు. నీ చేతిరాత చూసి నాలుగు నెలలైంది. మీ వదిన రోజూ నన్ను సాధిస్తోంది, "మీ చెల్లెలికి ఆ ప్లాస్టిక్ పళ్ళేల్లో పెంచుకునే కణాల మీదున్న ప్రేమ మన మీద లేదు" అని. వాటికి వేళకి తిండి పెట్టకపోతే చచ్చూరుకుంటాయటే, మనం అంత తొందరగా చావం కదా, అందుకే రాయట్లేదు అని సర్దిచెప్పాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఇరవై ఏళ్ళు ఇనప ట్యాంకుల్లో కూర్చుని తుప్పు కొట్టీ కొట్టీ నా చెవులు ఎలా తయారయ్యాయో నీకు తెలియనిదా? ఆఫీసు ఫోనులో నువ్వు బాగున్నావా అంటే నేను ఆదివారం అంటాను. మేస్త్రీ పక్కనే నిలబడి నవ్వుతాడు. ఆ భాగ్యం వాడికెందుకు?

అసలు సంగతికొస్తా. రెండు నెలల కిందట కంపెనీ ట్యాంకుల లోపల వెయ్యడానికి కొత్త పూత తెచ్చింది. డ్రమ్ములో గడ్డకట్టిన తారులా ఉంటుంది. ఏమేం కలిపి చేశారని అడిగితే మేస్త్రీ చేతులు తిప్పుతాడు. నూనెలు కాచగా అడుగున మిగిలిన మడ్డి, వంద రకాలు ఉంటాయట, లెక్క వాళ్ళకే తెలియదట. వేడి చేస్తేగానీ బ్రష్షుకి ఎక్కదు. ఒంటికి అంటిందా, సబ్బుకి పోదు, నీళ్ళకి అసలే పోదు. వంటనూనె రాసి గుడ్డతో రుద్దితే అప్పుడు వదులుతుంది. మీ వదిన వంటింట్లో నూనె కూరలోకన్నా నా మోచేతులకే ఎక్కువ పోతోంది.

మా జట్టులో ఆరుగురం. బక్కోడు నీకు గుర్తున్నాడా, నా పెళ్ళిలో కుర్చీలన్నీ ఒక్కడే మోశాడు, నోట్లో నాలుక లేనివాడు. వాడికి చేతులు పొక్కాయి. ట్యాంకులోంచి పైకొచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నేనింక దిగనన్నాడు. వాడు దిగనంటే మిగతావాళ్ళూ దిగమన్నారు. మూడు రోజులుగా ఆరుగురం ట్యాంకు నీడలో కూర్చుని ఈగలు తోలుతున్నాం. దీనివల్ల ఏ హానీ లేదని కాయితం ఉందంటాడు మేస్త్రీ. కాయితం ఏదీ అంటే పై ఆఫీసులో ఉందంటాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం.

అందుకని జట్టంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. సీసాలో కొంచెం పోసి నీకు పంపుతున్నా. నువ్వు అక్కడ చేసేది ఇదే పని కదా, ఏ మందుకి కణాలు చస్తాయి, ఏ మందుకి బతుకుతాయి అని. చూసి చెప్పు. నువ్వు చెడ్డదంటే ఆరునూరైనా దిగం. మంచిదంటే సోమవారమే దిగుతాం. మేస్త్రీ మాట మీద ఇక్కడ ఎవడికీ నమ్మకం లేదు. నీ మాట మీద ఉంది.

నీ చెవిటి అన్న


మార్చి 14

అన్నయ్యా,

సీసా పగలకుండా చేరింది. వదిన పాత జాకెట్టు చెయ్యి చుట్టి పంపావు చూడు, డబ్బా విప్పుతుంటే పక్క బల్ల అమ్మాయి ఏంటక్కా కానుకా అంది. మా అన్న పంపిన అత్తరు అన్నాను. మూత తియ్యగానే ముక్కు మూసుకుని పారిపోయింది.

బయటి సీసాలు మా గదిలోకి రాకూడదు. మా పైన ఉండే మేడమ్‌కి తెలిస్తే వీపు చిట్లుతుంది. అందుకే ఆదివారం వచ్చి, మిగతా రోజులు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు చేశాను. కణాలకని చెప్పి సెలవు రోజు కూడా వెళ్తానని నేను అద్దెకున్న ఇంటి యజమానురాలికి నా మీద అనుమానం, ఒంటికి క్రిములేమైనా తెస్తున్నానేమోనని. నా గ్లాసు వేరే పెట్టింది.

ఎలా చేశానో చెప్తా, మీ వాళ్ళకి నమ్మకం కుదురుతుంది. మనిషి కాలేయంలోంచి తీసిన కణాలు మా దగ్గర ఉంటాయి. ఒక పళ్ళెంలో తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు, అడుగున అంటుకుని, వాటి పోషక నీళ్ళు తాగుతూ ఉంటాయి. నీ పూతలో కొంచెం తీసి ఆ నీళ్ళలో వేసి ఒక రోజంతా యంత్రం మీద ఊపాను. నలకలు లేకుండా వడకట్టాను. ఆ తేట నీళ్ళు కణాల మీద పోసి రెండు రోజులు వెచ్చగా ఉంచాను. తర్వాత ఒక రంగు వేస్తాం. బతికున్న కణం ఆ రంగు పీల్చుకుంటుంది, చచ్చింది పీల్చుకోదు.

అన్నీ రంగు పీల్చుకున్నాయి అన్నయ్యా. ఉత్త నీళ్ళు పోసిన గుంటలకీ, నీ పూత నీళ్ళు పోసిన గుంటలకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత సంతోషం వేసిందంటే, అన్నం డబ్బా విప్పకుండానే ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

కాబట్టి నాకు కనపడినంతలో భయపడాల్సిందేమీ లేదు. గ్లౌజులు మాత్రం వేసుకోండి. బక్కోడి పొక్కులు వేడికి అయ్యుంటాయి, మరీ మసలే పూత ముట్టుకోవద్దని చెప్పు. ఇది నీకోసం రాసిన ఉత్తరం, ఆఫీసు వాళ్ళకి చూపించకు.

వదినకి ముద్దులు. నీ చెవులకి నమస్కారం.

కళ్ళజోడు


మార్చి 21

కళ్ళజోడు గారికి,

గారు ఎందుకంటావా? ఇప్పుడు నువ్వు ఇక్కడ పెద్దమనిషివి మరి. ఉత్తరం రాగానే డ్రమ్ము మీదకెక్కి పైకి చదివాను. తొంభై ఆరు గుంటలు అనేసరికి మా జట్టులో ముసలాయన, రంగుల తాత, నోరు తెరిచాడు. ఒక్క కణం కూడా చావలేదా అని మూడుసార్లు అడిగాడు. చావలేదురా బాబూ, మనకన్నా బాగా తిని కూర్చున్నాయి అన్నాను. అందరూ లేచారు.

బక్కోడొక్కడే లేవలేదు. నాకెందుకో మనసొప్పట్లేదన్నా అన్నాడు. నాకు తిక్క లేచింది. నా చెల్లెలు ఆదివారాలు మానుకుని చూస్తే, నీ మనసుకేం తెలుసురా, ఎప్పుడైనా కణం మొహం చూశావా అన్నాను. అందరూ ఒకటే నవ్వు. వాడు తలొంచుకుని బ్రష్షు తీసుకున్నాడు. ఇప్పుడు మూడో ట్యాంకు సగమైంది, వాడు నా పక్కనే.

ఒక్క విషయానికి నన్ను తిట్టకు. మేస్త్రీ ఉత్తరం అడిగి తీసుకెళ్ళాడు. కాపీ తీసి గేటు దగ్గర బోర్డుకి అతికించాడు. మీ ఆఫీసు కాయితం మీదే రాశావుగా, పైన అచ్చైన ఆ చోటు పేరు కింద ఎర్ర గీత కూడా గీశాడు. వద్దన్నాను గానీ వాడు వింటాడా? మా కంపెనీదే పక్క యార్డు, అక్కడి జట్లు కూడా వచ్చి చదువుకుని పోతున్నాయి. నా చెల్లెలే అని చెప్తుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నాకు కాస్త ఆకలి మందగించింది. ఎండలే. మీ వదిన ఊరికే కంగారు పడుతుంది, దాని మాటలు పట్టించుకోకు.

గర్వంతో ఉబ్బిన నీ అన్న


మార్చి 28

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందగానే ట్యాంకులోంచి బయటికి రా. చదవడం తర్వాత, ముందు బయటికి రా. అందరినీ తీసుకురా.

తప్పు చేశాను. నిన్న ఆ సీసా కడిగి పారేద్దామని తీశాను. పూతనీ నీళ్ళనీ కలిపి ఊపిన సీసా. లోపలి గోడకి చుట్టూ గోధుమరంగు పట్టీ. నీళ్ళు పోశాను, పోలేదు. సబ్బు వేశాను, పోలేదు. వడకట్టిన కాయితం సీసాతో పాటు దాచిన సంచిలోంచి వెతికి తీశాను, అదీ గోధుమరంగే. గోడకి అంటినదీ కాయితానికి అంటినదీ ఎండబెట్టి తూచాను. నేను వేసినదంతా అక్కడే ఉంది అన్నయ్యా. నీళ్ళలోకి ఏమీ దిగలేదు. నా కణాల మీద నేను పోసింది ఉత్త నీళ్ళు. అవి చావకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, నీళ్ళకి పోదు, నూనెకి పోతుంది అని. చదివి నవ్వుకున్నాను, వదిన నూనె డబ్బా గుర్తొచ్చి. నవ్వి పక్కన పెట్టి, నీళ్ళలో కరిగే మందులకి మేం రోజూ ఎలా చేస్తామో అలాగే దీనికీ చేశాను. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నిన్నగాక మొన్న చేరిన పిల్ల చేసినా నేను చెంప పగలగొట్టేదాన్ని.

నీ చర్మంలో నూనె ఉంటుంది. నీ ఊపిరితిత్తుల్లో, కాలేయంలో కొవ్వు ఉంటుంది. వాటిలోకి అది హాయిగా దిగుతుంది.

ఇవాళ మీ ఆఫీసుకి ఫోను చేశాను. మేస్త్రీ ఎత్తాడు. అందరూ బ్రహ్మాండంగా ఉన్నారమ్మా, మీ ఉత్తరం మాకు చాలా ఉపయోగపడింది అన్నాడు. దాన్ని పీకెయ్యండి అంటే, లైను సరిగ్గా లేదంటూ పెట్టేశాడు. ఆఫీసు వాళ్ళకి చూపించొద్దని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? డ్రమ్ము ఎక్కి చదువుతావా?

వదిన కూడా రాసింది. నీ కళ్ళు పచ్చబడ్డాయటగా. ఎండకి కళ్ళు పచ్చబడవు.

ఆస్పత్రికి వెళ్ళు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చెల్లి


ఏప్రిల్ 4

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి ఒక రోజు ఊరుకున్నాను, కోపంలో రాయకూడదని. ఆ రోజు అయిపోయింది గనక రాస్తున్నా.

మీ వదినా నువ్వూ కూడబలుక్కున్నారని నాకు అర్థం కాదనుకున్నావా? నన్ను ఈ పని మాన్పించాలని అది పెళ్ళైన నాటి నుంచి చూస్తోంది. నా మాట నడవడం లేదు, నువ్వన్నా చెప్పు అని నీకు రాసింది. నువ్వు కరిగిపోయావు. లేకపోతే రెండు వారాల ముందు వెంట్రుకవాసి తేడా లేదన్న మనిషివి, దాని ఉత్తరం అందిన వారంలోనే తప్పు చేశానంటావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నా, దాన్ని ఒక్క మాట అనలేదు.

సరే, నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. అప్పుడైనా నువ్వు అంటున్నది ఏమిటి? పరీక్ష సరిగ్గా జరగలేదని. అంతేగా? పూత చెడ్డదని నీకూ తెలియదు. చూడలేదు అంటున్నావు, చూశాను అనట్లేదు. నా అంత చదువురానివాడికే ఆ తేడా తెలుస్తోందే.

నా ఇరకాటం కూడా చూడు. ఐదుగురిని నేను లేపి దింపాను. నీ పేరు చెప్పి దింపాను. ఇప్పుడు వెళ్ళి, ఉత్త నీళ్ళటరా అని చెప్తే ఏ మొహంతో నిలబడను? ఈ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. మంచం కింద పెట్టె అడుగున పెట్టాను. రుజువుతో రా. కణాలు చచ్చాయని రాయి, ఆ రోజే నిచ్చెన పైకి లాగేస్తా.

బక్కోడు వారం నుంచి రావట్లేదు. జ్వరం అన్నారు. నిన్న సాయంత్రం వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు, నేనొచ్చానని తెలిసి కూడా ఇటు తిరగలేదు. వాడి భార్య కుర్చీ వేసింది. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. నేనే ఆ కుర్చీలో కూర్చోకుండా వచ్చేశాను.

భయం వెయ్యట్లేదని అనను. తొందరగా రాయి.

అన్న


ఏప్రిల్ 12

అన్నయ్యా,

కణాలు చచ్చాయి.

నువ్వు రుజువు అడిగావు గనక వరసగా చెప్తాను.

ముందు నీ పూతని నూనెలాంటి ద్రావకంలో కరిగించి వేశాను. నీళ్ళు తగలగానే బొట్లు బొట్లుగా విడిపోయి పైకి తేలింది. అది లెక్కలోకి రాదని ఆ పళ్ళెం పారేశాను. తర్వాత మెత్తటి రబ్బరు ముక్కలకి పూత పట్టించి, వాటిని పోషక నీళ్ళలో వేలాడదీశాను. రబ్బరు కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది, కణం పీల్చుకున్నకొద్దీ మళ్ళీ వదులుతుంది. నీ ఒంటి మీద అంటినప్పుడు జరిగేది దానికి దగ్గర. పక్కనే పూత లేని ఉత్త రబ్బరు ముక్కలు పెట్టాను, చచ్చేది రబ్బరు వల్లనేమో చూడాలిగా. వాటి కింద కణాలు శుభ్రంగా ఉన్నాయి. పూత ఉన్న ముక్కల కింద రెండో రోజుకి రంగు లేదు. మైక్రోస్కోపులో చూశాను. అడుగు నుంచి ఊడి, గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. పూతని వెయ్యో వంతుకి తగ్గించి మళ్ళీ చేశాను. మూడో రోజుకి అవీ పోయాయి. మూడుసార్లు చేశాను అన్నయ్యా, మూడుసార్లూ అంతే.

పళ్ళెంలో కణం మనిషి కాదు. మనిషిలో ఎంత దిగుతుందో, ఎంత బయటికి పోతుందో ఈ పరీక్ష చెప్పదు. అందుకని నీకేమవుతుందో నాకు తెలియదు. ఈసారి తెలియనిది తెలిసినట్టు రాయను. కానీ పచ్చ కళ్ళు నేను చెప్పక్కర్లేదు.

వదిన నన్ను ఏమీ రాయమనలేదు. నీ కళ్ళ సంగతి రాసి, మీ అన్నయ్యకి చెప్పకు, కోప్పడతారు అని కింద గీత గీసింది. దాన్ని అనుమానించావంటే ఏమనాలో తెలియట్లేదు.

దీంతో ఒక కాయితం విడిగా పెట్టాను. మార్చి 14 నాటి ఉత్తరంలో రాసింది తప్పు, ఈ పూతకి కాలేయ కణాలు చచ్చిపోతున్నాయి, ఎవరూ దిగకూడదు అని రాసి నా పేరు, నా హోదా, మా చోటు పేరు పెట్టి సంతకం చేశాను. మొదటిదాని మీద దీన్ని అతికించు. ఇది బోర్డు ఎక్కితే నా ఉద్యోగం ఉండదు. తెలిసే చేశాను, నువ్వు ఆలోచించకు. అతికించి, అలాగే ఆస్పత్రికి వెళ్ళు.

రిజిస్టరు చేసి పంపుతున్నాను. బక్కోడికి ఎలా ఉందో వెంటనే రాయి.

చెల్లి


ఏప్రిల్ 19
ఆస్పత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం

కళ్ళజోడూ,

బక్కోడు పోయాడు. పదిహేనో తారీఖు పొద్దున. నీ రిజిస్టరు ఉత్తరం పదహారున వచ్చింది. పోస్టాయన సంతకం చెయ్యమంటే, వాణ్ణి సాగనంపి వచ్చిన చేత్తోనే పెట్టాను.

ఉత్తరం చదివాక గేటు దగ్గరికి వెళ్ళాను. నీ కాయితం జేబులోనే ఉంది. బోర్డు ముందు నిలబడి చాలాసేపు నీ మొదటి ఉత్తరం చదివాను. అన్నం డబ్బా విప్పకుండా రాస్తున్నా అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఈ పిల్లని నేను బజార్న పెట్టలేనే అనిపించింది. అతికించలేదమ్మా. మధ్యాహ్నం జట్టంతా పోగయ్యాక అందరి ముందూ చెప్పాను. ఆ ఉత్తరం మా చెల్లెలు రాసింది కాదు, దాని దగ్గర తెచ్చుకున్న కాయితం మీద నేనే కల్పించి రాశాను, మేస్త్రీ దగ్గర మంచి పేరు కోసం మిమ్మల్ని దింపాను, అది విషం, దిగకండి అన్నాను. నీ కాయితం ఇంటికెళ్ళి పొయ్యిలో పెట్టేశాను.

రంగుల తాత నా మొహాన ఉమ్మాడు. మంచివాడు, ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అనడు. మిగిలినవాళ్ళు తాత వెనకే వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఒక్కడు కూడా ట్యాంకు మెట్టు ఎక్కలేదు. ఉత్తరం దొంగదని తేలాక మేస్త్రీకి అదెందుకు? తనే పీకేశాడు. నీ పేరు ఎక్కడా లేదు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, ఈ ఒక్కటి తెలివిగా చేశాననుకుంటున్నా.

ఆ సాయంత్రమే కళ్ళు తిరిగి పడ్డాను. మీ వదిన ఇక్కడికి తెచ్చింది. కాలేయం అంటున్నారు. డాక్టరు మీ వదినని బయటికి పిలిచి మాట్లాడతాడు, నాతో వాతావరణం గురించి మాట్లాడతాడు.

నిన్న బక్కోడి భార్య వచ్చింది. మంచం పక్కన నిలబడి తిట్టింది. నా మొగుడు రానంటే నవ్వులాట చేసి తీసుకెళ్ళావు, దొంగ రాతలు రాసి చంపావు, నీ చేతులు పడిపోను అంది. మీ వదిన అడ్డొస్తే నేనే ఆపాను. అననీ, పాపం. ఇంత చెవుడులోనూ ఒక్క మాట పోకుండా వినబడింది. నవ్వులాట సంగతి నిజమేగా.

నువ్వు రాకు. వస్తే అందరికీ అనుమానం వస్తుంది. రుజువు అడిగి నిన్ను బాధపెట్టాను, మనసులో పెట్టుకోకు.

అన్న


ఏప్రిల్ 24

అన్నయ్యా,

నీ అసాధ్యం గూలా, ఎంత పని చేశావు!

నువ్వు కాల్చింది ఒక కాయితమే. ఇంకొకటి పదమూడో తారీఖున నేనే మేడమ్ చేతికిచ్చాను. నీకు పోస్టు చేసిన మర్నాడు. దొంగతనంగా సీసా తెచ్చానని, పద్ధతి తప్పుగా చేశానని, అది నమ్మి ఆరుగురు ట్యాంకులో దిగారని అంతా చెప్పాను. ఆవిడ చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పరీక్ష తప్పు చెయ్యడం ఎవరికైనా జరుగుతుంది, తప్పు పరీక్ష మీద మా చోటు పేరు వేసి పంపావే, దానికి నేనేం చెయ్యగలను అంది. ఆ సాయంత్రమే నా బల్ల ఖాళీ చేశాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. నువ్వు మీ వాళ్ళ చేత ఉమ్మించుకుని కాపాడిన ఉద్యోగం అప్పటికే లేదు అన్నయ్యా.

నీకు రాయలేదు, అదీ నా తప్పే. ఒంట్లో బాగాలేని మనిషికి ఎందుకులే అనుకున్నాను. నువ్వు నాకు చెప్పలేదు, నేను నీకు చెప్పలేదు. ఒకరినొకరు కాపాడుకోబోయి ఎక్కడికి తెచ్చామో విను.

మేడమ్ నన్ను పంపేసినా నా పరీక్ష పారెయ్యలేదు. తనే కూర్చుని మళ్ళీ చేయించింది. అవే ఫలితాలు వచ్చాయి. ఆ పూత వాడే అన్ని చోట్లా ఆపాలని మీ కంపెనీ పై ఆఫీసుకి రాసింది. నిన్న జవాబు వచ్చిందని పక్క బల్ల అమ్మాయి వచ్చి చెప్పింది. మొదటి ఉత్తరం ఆ పనివాడే కల్పించాడట, అతనే పదిమందిలో ఒప్పుకున్నాడట, ఆ అన్నాచెల్లెళ్ళ మాటలు ఏవీ నమ్మదగినవి కావట, సీసాలో ఉన్నది తమ పూతే అనడానికి ఆధారం లేదట. మీ యార్డులో మనుషులు దిగట్లేదు. పక్క యార్డులో దిగుతున్నారు. నా ఉత్తరం చదువుకుని వెళ్ళారని రాశావే, ఆ జట్లు. వాళ్ళకి నువ్వు చెప్పిందీ అందలేదు, నేను రాసిందీ అందలేదు.

రావద్దంటే ఊరుకునేదాన్ని కాదు. రేపు పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం ముందే అందాలని ఇవాళ మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆస్పత్రిలో ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.

ముందు ఆస్పత్రికి రాను. బక్కోడి ఇంటికి వెళ్తాను. ఆ ఉత్తరం నాదని చెప్తాను. నీళ్ళలో కలవనిదాన్ని నీళ్ళలో వేసి, ఏమీ కలవలేదని చూసుకోకుండా, మంచిదని రాసింది నేనే అని ఆమె కళ్ళలోకి చూసి చెప్తాను. మా అన్న దొంగ రాత రాయలేదమ్మా, నన్ను నమ్మాడు, అంతే చేశాడు అంటాను. ఆమె ఏమంటే అది పడతాను. తర్వాత పక్క యార్డు గేటుకి వెళ్తాను. తర్వాత నీ దగ్గరికి వస్తాను. నువ్వు నిజం చెప్పాలి. డాక్టరు ముందు, కంపెనీ వాళ్ళ ముందు, రంగుల తాత ముందు. నువ్వు చెప్తేగానీ నా మాట నిలబడదు. నా ఒక్కదాని మాట ఎవరూ నమ్మరు.

వదినా, అన్నయ్య చదవలేకపోతే ఈ ఉత్తరం నువ్వు చదివి వినిపించు. కుడి చెవి దగ్గర, గట్టిగా.

డాక్టరు ఏమన్నాడో వదిన నాకు రాసింది అన్నయ్యా. నాకు లెక్కలొద్దు. ఆమె ఇంకోసారి వచ్చి తిట్టినా, తాత ఇంకోసారి ఉమ్మినా, పడటానికి నువ్వు ఉండాలి. నేను వచ్చి, అది మా అన్న పడాల్సింది కాదు, నేను పడాల్సింది అని చెప్పేదాకా ఉండు. రేపు సాయంత్రం ఆరింటికి బస్సు దిగుతాను. ఆమె ఇంటి నుంచి పక్క యార్డు గేటు మీదుగా నీ దగ్గరికి నడక అరగంట అని వదిన రాసింది. ఏడున్నరకి నీ మంచం దగ్గర ఉంటాను. అప్పటిదాకా ఉండు అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది.

నీ చెల్లి